2019 సినిమాల్లో మీ మొదటి పది ఏవి? ఏది ఎన్నో స్థానం, ఎందుకు?

వెండితెర_వెన్నెల

ఏడాది ముగిసీ ముగియగానే వేసే జాబితాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. డిసెంబరులో చూసిన సినిమాలు పైన కూర్చుంటాయి, ఫిబ్రవరిలో వచ్చినవి గుర్తుకే రావు. కొన్నేళ్లు పోయాక చూస్తే ఏది మనసులో మిగిలిందో తెలిసిపోతుంది. అందుకే 2019ని ఎంచుకున్నాను. ఏ భాషైనా సరే, పది సినిమాలు, ఒకటి నుంచి పది దాకా వరుసలో పెట్టండి. మొదటి స్థానంలో పెట్టినదానికి మాత్రం కారణం చెప్పాలి. "సూపర్", "మాస్టర్‌పీస్" అంటే కుదరదు. ఏ సీను, ఏ నటన, ఏ షాటు మిమ్మల్ని పట్టుకుందో రాయండి. మలుపులన్నీ బయటపెట్టే మాట్లాడుకుంటాం కాబట్టి, చూడని సినిమా పేరు కనిపిస్తే ఆ పోస్టు దాటేసి కిందికి వెళ్లిపోండి.

నా వరుస: 1. కుంబళంగి నైట్స్, 2. పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్, 3. పారసైట్, 4. జెర్సీ, 5. సూపర్ డీలక్స్, 6. మల్లేశం, 7. పెయిన్ అండ్ గ్లోరీ, 8. జల్లికట్టు, 9. ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ, 10. మ్యారేజ్ స్టోరీ.

కుంబళంగిలో నన్ను పట్టుకున్నది సజి పాత్ర. తన వల్ల ఒక మనిషి ప్రాణం పోయిందని లోలోపల కుమిలిపోతుంటాడు కానీ కంట్లోంచి చుక్క రాదు. చివరికి తమ్ముళ్లలో అందరికన్నా చిన్నవాడి దగ్గరకు వెళ్లి, నాకు ఏడుపు రావట్లేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా అని అడుగుతాడు. ఇంటికి పెద్దవాడు చదువుకునే కుర్రాడి సాయం అడుగుతున్నాడు. సౌబిన్ షాహిర్ ఆ మాటను ఎంత మామూలుగా అంటాడో చూడండి. తెర మీద మగవాడి బాధ అంటే మందు సీసా, పెరిగిన గడ్డం, ఒక విషాద గీతం. ఇక్కడ ఆ మనిషి తనకు ఒంట్లో బాగోలేదని గుర్తించి వైద్యం అడుగుతాడు, అంతే. ఆ తర్వాత డాక్టరు ముందు ఏడుపు తన్నుకొచ్చినప్పుడు నాకూ ఆగలేదు.

మూడో_వరుస

వెన్నెల గారూ, జెర్సీని నాలుగులో పెట్టడం అన్యాయమండీ. నాకు అదే ఒకటి. రెండు పారసైట్, మూడు కార్తి ఖైదీ, నాలుగు ఏజెంట్, ఐదు అసురన్. ఆరు నుంచి పది దాకా ఇంకా తేలలేదు, తర్వాత పెడతా.

రైల్వే స్టేషన్ సీను గురించి అందరూ చెప్పేదే, అయినా చెప్పకుండా ఉండలేను. 36 ఏళ్ల వయసులో రంజీ జట్టుకు ఎంపికైన అర్జున్ స్టేషన్‌కి వెళ్లి, రైలు వచ్చేదాకా ఆగి, ఆ హోరులో గొంతు చించుకుని అరుస్తాడు. మొదటిసారి చూసినప్పుడు అది గెలుపు. చివర్లో అసలు సంగతి తెలుస్తుంది. గుండె జబ్బు వల్లే ఆట మానేశాడు, మళ్లీ బ్యాటు పడితే ప్రాణానికే ముప్పని అతనికి తెలుసు. ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆ సీను చూడండి. అదే అరుపు, నాని ముఖం అదే, కానీ ఆ మనిషి ఏం ఎంచుకుంటున్నాడో తెలిసి చూస్తున్నాం కాబట్టి ఒళ్లు గగుర్పొడుస్తుంది. భార్య సారా నిలదీసినప్పుడల్లా అతను నోరు విప్పకపోవడం కూడా అంతే. మొదట బాధ్యత లేనితనంలా ఉంటుంది, రెండోసారి ఆ మౌనమే భరించలేం. దర్శకుడు గౌతమ్ తిన్ననూరి నిజాన్ని దాచాడు కానీ ప్రేక్షకుణ్ని ఎక్కడా మోసం చేయలేదు.

రెండోసారి చూసినప్పుడు పెరిగే సినిమానే నేను మొదటి స్థానంలో పెడతాను. నా కొలత అదొక్కటే.

లెక్కల_మాస్టారు

వరుసలు ముందుకు పోకముందే ఒకటి తేల్చుకుందాం. ఏది 2019 సినిమా?

పారసైట్ 2019 మేలో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచింది, ఆ నెలాఖరునే కొరియాలో విడుదలైంది. భారత్‌లో థియేటర్లకు వచ్చేసరికి 2020 జనవరి. 1917 అమెరికాలో 2019 క్రిస్మస్ రోజున కొద్ది థియేటర్లలో వేశారు, మిగతావాళ్లకు జనవరిలోనే దొరికింది. వీటన్నిటికన్నా చిక్కు భోంస్లేతో. 2018లో బుసాన్ చిత్రోత్సవంలో చూపించారు, ఇళ్లలోకి ఓటీటీలో వచ్చింది 2020లో. మనోజ్ బాజ్‌పాయీకి, ధనుష్‌తో కలిపి, ఉత్తమ నటుడి జాతీయ అవార్డు వచ్చింది మాత్రం 2019 సంవత్సరానికి. ఎందుకంటే జాతీయ అవార్డులకు సెన్సారు సర్టిఫికెట్ తేదీ లెక్క. ఒక్క సినిమాకు మూడు సంవత్సరాలు!

నా ప్రతిపాదన: ఏ దేశంలోనైనా మామూలు ప్రేక్షకుడికి, థియేటర్లో కానీ ఇంట్లో కానీ, మొదటిసారి అందుబాటులోకి వచ్చిన ఏడాదే ఆ సినిమా ఏడాది. చిత్రోత్సవాల ప్రదర్శన లెక్కలోకి రాదు. ఆ ప్రకారం పారసైట్, 1917 ఉంటాయి. భోంస్లే 2020కి వెళ్తుంది.

వెండితెర_వెన్నెల

బాగుంది మాస్టారూ, అదే నియమం.

కత్తెర_పని

నా మొదటిది పారసైట్. రెండోదానికీ దానికీ మధ్య చాలా దూరం ఉంది.

ఎడిటింగ్ మీద ఆసక్తి ఉన్న ఎవరికైనా నేను ముందు చూపించేది పీచ్ పళ్ల ఎపిసోడ్. పాత పనిమనిషిని సాగనంపడానికి ఆ కుటుంబం పన్నే పన్నాగం అది. కొడుకు తండ్రికి డైలాగులు నేర్పిస్తుంటాడు, అంత ఎమోషన్ వద్దు, కాస్త తగ్గించు అని సరిచేస్తుంటాడు. ఆ రిహార్సల్ నడుస్తుండగానే కట్ పడుతుంది, చూస్తే తండ్రి అవే మాటలు యజమానురాలికి చెబుతున్నాడు. పథకం వేయడం, నేర్చుకోవడం, అమలు చేయడం మూడూ ఒకే సంగీతం మీద, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా సాగిపోతాయి. యాంగ్ జిన్-మో ఎడిటింగ్ మనల్ని ఆ కుటుంబం పక్షాన ఎంత గట్టిగా నిలబెడుతుందంటే, ఒక ఆడమనిషి పొట్ట కొడుతున్నారన్న ఆలోచనే రాదు. హాయిగా నవ్వుతుంటాం. తర్వాత ఒక వాన రాత్రి ఆమే వచ్చి కాలింగ్ బెల్ కొడుతుంది. అప్పుడు తెలుస్తుంది మనం దేన్ని చూసి నవ్వామో.

ఆ వానలోనే పెద్దింటి నుంచి తమ ఇంటికి పరుగెత్తే సీక్వెన్స్ చూడండి. దారంతా దిగుడే. మెట్లు, సొరంగం, మళ్లీ మెట్లు. నీళ్లూ వాళ్లతోపాటే కిందికి పారుతుంటాయి. పైనున్న ఇల్లు, కిందున్న వీధి రెండూ సినిమా కోసం వేసిన సెట్లే. ఎక్కడి నుంచి ఎవరు కనిపించాలి, ఎవరు కనిపించకూడదు అన్నది లెక్క వేసి ఇల్లు కట్టారు.

జెర్సీ నా లెక్కలో ఆరు. రెండోసారి చూడటం గురించి తమ్ముడు చెప్పింది నిజమే, నవీన్ నూలికి ఎడిటింగ్‌లో జాతీయ అవార్డు కూడా వచ్చింది. అయినా సెకండాఫ్‌లో మ్యాచులు ఎక్కువయ్యాయి. ఒక మ్యాచ్ తీసేస్తే కథకు లోటేమీ రాదు.

మూడో_వరుస

అన్నా, ఒక్క మ్యాచ్ కూడా తీయడానికి లేదు. ఒక్కో ఇన్నింగ్స్‌తో ఆ మనిషి ప్రాణం కొంచెం కొంచెం ఖర్చవుతోంది. అది ఒక పాటలో మాంటేజ్‌గా చూపించేస్తే లెక్క ఎలా తెలుస్తుంది? మనం విసుగొచ్చేదాకా ఆడాలి అతను. కొడుకు చూస్తున్నాడని ఆడుతున్నాడు కదా.

శబ్దాల_పెట్టె

నేను సినిమాను ముందు చెవితో చూస్తాను. అందుకని నా మొదటి రెండు స్థానాలూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

ఒకటి పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్. దాదాపు సినిమా అంతా నేపథ్య సంగీతం ఉండదు. కాగితం మీద బొగ్గు గీసే చప్పుడు, గౌన్లు నేలను రాసుకునే చప్పుడు, పొయ్యిలో కట్టె చిటపటలు, బయట సముద్రం. ఎప్పుడు ఏడవాలో చెప్పే వయొలిన్ లేదు కాబట్టి మనమే ఆ ముఖాలను చదువుకోవాలి. అలా చెవులను ఖాళీగా ఉంచి, మంట దగ్గర ఆడవాళ్లంతా కలిసి పాట ఎత్తుకునేసరికి గుండె ఝల్లుమంటుంది. ఇక చివరి షాటు. వివాల్డి 'సమ్మర్' మోగుతుంటే కెమెరా మెల్లగా ఎలోయీజ్‌కు, అంటే ఆ చిత్రపటంలోని అమ్మాయికి, దగ్గరవుతుంది, అక్కడి నుంచి కదలదు. ఆమె ఏడుస్తుంది, మధ్యలో నవ్వుతుంది, ఊపిరి ఎగపీలుస్తుంది. అదే సంగీతాన్ని అంతకుముందు ఆమె బొమ్మ గీసిన మరియాన్ తడబడుతూ వాయించి వినిపించింది. ఇద్దరి మధ్యా మిగిలిందంతా ఆ ఆర్కెస్ట్రాలో ఉంది. దర్శకురాలు సెలీన్ సియామా రెండు గంటలపాటు సంగీతాన్ని దాచిపెట్టింది ఈ ఒక్క షాటు కోసమే అనిపిస్తుంది.

రెండు జల్లికట్టు. ఇక్కడ ఒక్క క్షణం నిశ్శబ్దం దొరకదు. మొదట్లోనే గడియారం టిక్కు టిక్కుమంటుంటే ఆ తాళానికి కళ్లు తెరుచుకుంటాయి, ఊపిరులు లేస్తాయి, కత్తి మాంసం మీద పడుతుంది. ఊరంతా ఒకే జంతువులా ఊపిరి పీలుస్తోందని మాట లేకుండా చెప్పేశాడు లిజో జోస్ పెల్లిశేరి. శబ్ద రూపకల్పన రంగనాథ్ రవి. ఊరంతా వెంటపడే ఆ తప్పించుకున్న దున్నపోతు కనపడేది తక్కువ, వినపడేది ఎక్కువ. ఫోన్ స్పీకర్లో చూసి బాగోలేదన్నవాళ్లను చాలామందిని చూశాను. దయచేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఇంటర్వెల్_బ్యాంగు

పై పోస్టులన్నీ చదివాను. చాలా బాగా రాస్తున్నారు, కానీ ఒక విషయం బాధగా ఉంది. ఏడిపించిన సినిమాలే పైన ఉన్నాయి. నవ్వించినవి, ఈల వేయించినవి తొమ్మిదో స్థానంలోనో, బయటో.

బ్రోచేవారెవరురా పేరు ఒక్కరూ ఎత్తలేదు! వివేక్ ఆత్రేయ ఆ స్క్రీన్‌ప్లే ఎలా రాశాడో కాగితం మీద గీసి చూసుకోవాల్సిందే. ఒకవైపు ముగ్గురు కుర్రాళ్లు, ఇంట్లో నలిగిపోతున్న అమ్మాయి. ఇంకోవైపు కథ చెప్పుకునే దర్శకుడు, ఒక హీరోయిన్. ఉత్తుత్తి కిడ్నాప్ కాస్తా నిజం కిడ్నాప్ అయ్యాక ఆ రెండు కథలూ ఢీకొంటాయి. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఆ అమ్మాయి బాధ కూడా గొంతులో దిగిపోతుంది. ఓ బేబీలో సమంత నడక చూశారా? వయసు ఇరవైల్లో, నడుము మీద చెయ్యి వేసే తీరు డెబ్బైల్లో. కొరియన్ మిస్ గ్రానీ రీమేకే, కాదనను, కానీ ఆ ఒళ్లు ఆమెది, ఆ నుడికారం మనది. ఇలాంటి నటనకు జాబితాల్లో చోటు ఉండదు, ఎందుకంటే తేలిగ్గా చేసినట్టు కనిపిస్తుంది.

ఇక అవెంజర్స్ ఎండ్‌గేమ్. పదకొండేళ్లలో ఇరవై ఒక్క సినిమాలు పెట్టిన పెట్టుబడి ఒక్క సీనులో చేతికొస్తుంది. విరిగిన డాలుతో కెప్టెన్ అంత సైన్యం ముందు ఒంటరిగా లేచి నిలబడతాడు. చెవిలో ఒక స్నేహితుడి గొంతు వినిపిస్తుంది, వెనక ద్వారాలు తెరుచుకుంటాయి. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి నా భుజం పట్టుకుని అరిచాడు. ఆ ఆనందం కూడా సినిమా ఇచ్చిందే కదండీ. నా వరుసలో 1. బ్రోచేవారెవరురా, 2. ఎండ్‌గేమ్, 3. జెర్సీ, 4. ఓ బేబీ, 5. ఖైదీ. మిగతా ఐదూ రేపు.

వెండితెర_వెన్నెల

ఇంటర్వెల్ గారూ, మీ మాటలో న్యాయం ఉంది. కన్నీళ్లు పెట్టించిన సినిమాకు మనం మార్కులు తేలిగ్గా వేస్తాం. నవ్వించినదాన్ని "టైంపాస్" అని పక్కన పెడతాం. పైగా కామెడీని రెండోసారి చూసినప్పుడు ఆశ్చర్యం తగ్గుతుంది కాబట్టి, మూడో_వరుస చెప్పిన కొలతలో అది ముందే వెనకబడుతుంది. కానీ బ్రోచేవారెవరురా విషయంలో నాకు జరిగింది వేరు. మొదటిసారి నవ్విన చోట్లలో కొన్ని మలుపులకు ముడులని రెండోసారే కనిపించింది. నా జాబితాలో అది ఉండాలి, పదిలో మ్యారేజ్ స్టోరీ తీసి దాన్ని పెడుతున్నాను.

ఎండ్‌గేమ్ మాత్రం నేను పెట్టలేను. ముందు సినిమాలు చూడనివాళ్లకు ఆ ద్వారాల సీను ఒట్టి జనసమూహం. సినిమా తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది నా పట్టుదల.

చిన్నతెర

ఆలస్యంగా వచ్చాను. డాక్యుమెంటరీలు ఒప్పుకుంటారు కదా? నా మొదటిది హనీల్యాండ్.

ఉత్తర మాసిడోనియాలో కరెంటు లేని కొండ పల్లెలో ముసలి తల్లితో ఉంటూ తేనెటీగలు పెంచే హతీజే కథ. ఆమె తేనె తీసేటప్పుడు సగం తను తీసుకుని సగం ఈగలకు వదిలేస్తుంది, ఆ మాట వాటికి పైకి చెబుతుంది కూడా. పక్కనే మకాం వేసిన కుటుంబం ఆమె దగ్గరే పని నేర్చుకుని, అమ్మకానికి ఆశపడి మొత్తం పిండేస్తుంది. ఆకలేసిన ఆ ఈగలు వచ్చి హతీజే ఈగల మీద పడతాయి. ఎవరూ విలన్ కాదు. ఆ పక్కింటాయనకు బోలెడుమంది పిల్లలు, తేనె కొనే వ్యాపారి నెత్తి మీద కూర్చున్నాడు. మూడేళ్లపాటు తీసిన ఫుటేజీ నాలుగు వందల గంటలకు పైమాటే. వాళ్లు మాట్లాడే టర్కిష్ యాస తీసినవాళ్లకు అర్థం కాదు. అందుకని ముందు మాటలు వదిలేసి దృశ్యాల మీదే సినిమాను కూర్చారు. ఆస్కార్‌కి డాక్యుమెంటరీ విభాగంలోనూ, అంతర్జాతీయ చిత్రం విభాగంలోనూ ఒకేసారి నామినేట్ అయిన మొదటి సినిమా ఇదే.

దీని పక్కనే మల్లేశం పెడతాను, రెండో స్థానంలో. చీర నేతకు ముందు దారం చుట్టే ఆసు పనికి చింతకింది మల్లేశం యంత్రం తయారుచేసిన కథ అందరికీ తెలుసు. నాకు నచ్చింది, సినిమా యంత్రం కంటే ముందు చేతిని చూపించడం. ఒక్క చీర కోసం దారాన్ని కొయ్యల చుట్టూ వేల సార్లు తిప్పాలి. ఆ తల్లి భుజం నొప్పిని ఝాన్సీ ఎక్కడా అరిచి చూపించదు, పని ఆపి చెయ్యి దించుకునే తీరులోనే తెలిసిపోతుంది. అది తెలిశాక కొడుకు పడే తపన గురించి వేరే వివరించక్కర్లేదు. మల్లేశం, ఏజెంట్ రెండూ ఒకే రోజు, జూన్ 21న విడుదలయ్యాయి. ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

కత్తెర_పని

చిన్నతెర గారూ, మాటలు పక్కన పెట్టి దృశ్యాల మీద కూర్చారన్న సంగతి హనీల్యాండ్‌లో ప్రతి కట్‌లోనూ కనిపిస్తుంది. మీ పోస్టు చదివి రాత్రి మళ్లీ చూశాను. నా ఎనిమిది నుంచి మూడుకు తెచ్చాను.

తమ్ముడూ, "విసుగొచ్చేదాకా ఆడాలి" అన్న నీ మాట ఆలోచించదగ్గదే. నా అభ్యంతరం పొడవు మీద కాదు. ఆ మ్యాచుల్లో అతని ఒంటి అలసటకు ఇంకొన్ని ఆనవాళ్లు పెట్టి ఉంటే రెండోసారి చూసేవాడికి దొరికేవి. బౌండరీల లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. నా దగ్గర ఆరులోనే ఉంటుంది.

లెక్కల_మాస్టారు

అందరి వరుసలూ కలిపి ఒక్క పట్టిక వేయమని కొందరు అడిగారు. వేస్తాను, కానీ ఎలా కలుపుతామన్నదాన్ని బట్టి గెలిచే సినిమా మారిపోతుంది.

మామూలు పద్ధతిలో మొదటి స్థానానికి 10 పాయింట్లు, పదో స్థానానికి 1. ఐదుగురు ఓటు వేశారనుకోండి. ఒక సినిమాను ఇద్దరు మొదట పెట్టారు, ముగ్గురు అసలు పెట్టలేదు: 20 పాయింట్లు. ఇంకో సినిమా ఎవరికీ మొదటిది కాదు, ఐదుగురికీ నాలుగోది: 35 పాయింట్లు. ఎవరూ ప్రాణం పెట్టని సినిమా నెగ్గేసింది. ఆస్కార్‌లో ఉత్తమ చిత్రానికి వేరే దారి. సభ్యులు వరుస రాసిస్తారు, మొదటి ఓట్లు తక్కువ వచ్చిన సినిమాను తీసేసి ఆ ఓట్లను వాళ్ల తర్వాతి ఎంపికకు మారుస్తూ, ఒకదానికి సగానికి మించి వచ్చేదాకా పోతారు. అక్కడా అందరికీ అంతో ఇంతో నచ్చినదానికి లాభమే. సైట్ అండ్ సౌండ్ అనే బ్రిటిష్ సినిమా పత్రిక పదేళ్లకోసారి జరిపే పోల్‌లో అయితే అసలు వరుసే అడగరు. పది పేర్లు ఇస్తే చాలు, పదీ సమానం. 2022లో 1,600 మందికి పైగా ఓటు వేస్తే శబ్దాల_పెట్టె గారి పోర్ట్రెయిట్ 30వ స్థానంలో, కత్తెర_పని గారి పారసైట్ 90వ స్థానంలో నిలిచాయి.

అందుకని రెండు పట్టికలు పెడతాను. ఒకటి పాయింట్లది, ఒకటి మొదటి స్థానాలది.

శబ్దాల_పెట్టె

రెండు పట్టికల ఆలోచన బాగుంది మాస్టారూ. నాకు ఇబ్బంది మధ్యలోనే. మొదటి మూడు తేలిగ్గా వస్తాయి, పదోది కూడా కొట్లాడి తెచ్చుకుంటాం. నాలుగు నుంచి ఎనిమిది దాకా మాత్రం రోజుకో వరుస. నేను చేసేదేంటంటే, రెండేసి సినిమాలు ఎదురెదురుగా పెట్టుకుని, ఇప్పుడు ఒక్కటే చూడనిస్తే ఏది పెడతాను అని అడుగుతాను. ఐరిష్‌మ్యాన్ గొప్ప సినిమా, చివరి అరగంట ముసలితనం మీద వచ్చిన మంచి సినిమాల్లో ఒకటి. కానీ 209 నిమిషాలు. సూపర్ డీలక్స్ ఎదురుపడితే ప్రతిసారీ అదే నెగ్గుతుంది. శిల్ప అనే ట్రాన్స్ మహిళగా మారి వచ్చిన తండ్రిని ఆ పిల్లాడు రాసుకుట్టి ఏ సంకోచమూ లేకుండా దగ్గర చేసుకుంటాడు చూడండి, దాని కోసం.

1917కీ ఇదే పరీక్ష పెట్టాను. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ కెమెరా పనికి దణ్ణం పెట్టాల్సిందే, రాత్రి మంటల వెలుగులో ఆ శిథిలాల మధ్య పరుగు మర్చిపోలేను. కానీ సినిమా అంతా ఒకే షాటులా కనిపించేలా తీశారు కాబట్టి, కట్ ఎక్కడ దాచారా అని వెతకడంలో నా ధ్యాస సగం పోయింది. అది తొమ్మిది.

మూడో_వరుస

నా మిగతా ఐదు: 6. కుంబళంగి నైట్స్, 7. బ్రోచేవారెవరురా, 8. 1917, 9. మల్లేశం, 10. ఎవరు.

కుంబళంగి గురించి ఒక్క మాట. అద్దానికి అంటించిన బొట్టుబిళ్లను షమ్మి బ్లేడుతో గీకి తీసేస్తాడే, ఆ పాత్ర వేసిన ఫహాద్ ఫాజిల్ అక్కడే ఆ మనిషి జాతకమంతా చెప్పేశాడు. వెన్నెల గారి పోస్టు చదివాక మళ్లీ చూశాను. ఇంతకుముందు నా పదిలోనే లేదు.

పాత_టార్చిలైటు

కొత్త సభ్యుణ్ని. నా ఓటు జోకర్‌కి. మొదటి హత్యల తర్వాత బాత్రూంలోకి పరుగెత్తి తలుపు వేసుకుని మెల్లగా నాట్యం చేస్తాడు కదా, అది స్క్రిప్టులో లేదట. హిల్దుర్ గుడ్నదోత్తిర్ షూటింగ్‌కి ముందే స్వరపరిచిన చెల్లో సంగీతాన్ని దర్శకుడు సెట్లో వినిపిస్తే వాకీన్ ఫీనిక్స్ ఒంట్లోంచి పుట్టింది. అప్పటిదాకా ముడుచుకుపోయిన భుజాలు అక్కడ మొదటిసారి విచ్చుకుంటాయి. తర్వాత మెట్ల మీద వేసే చిందులన్నీ ఆ బాత్రూంలో పుట్టినవే. సినిమా చెప్పే సంగతులతో నాకు పేచీలున్నాయి, కానీ ఒక నటుడి శరీరం కథ చెప్పడం అంటే నాకు ఆ సీనే.

శబ్దాల_పెట్టె

టార్చిలైటు గారూ, స్వాగతం. ఆ సంగీతానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఈసారి చూసినప్పుడు పాదం ముందు కదులుతుందా, చెల్లో ముందు కదులుతుందా గమనించి రాయండి.

లెక్కల_మాస్టారు

జోకర్‌కి మొదటి 10 పాయింట్లు నమోదు చేశాను. మిగతా తొమ్మిది పేర్లు కూడా ఆదివారం రాత్రిలోగా పంపండి, టార్చిలైటు గారూ. ఇంటర్వెల్ గారి ఐదు పేర్లూ ఇంకా రావాలి.